నాలుగు మీటర్ల నీలం

ఉన్నూర్ అల్లుతున్న స్వెటర్‌కు వేరే నమూనా లేదు. చనిపోయిన భర్త తోర్గ్రిమూర్ నోటుపుస్తకమే నమూనా. ఇంటి వెనక హిమానీనదం ఎంత వెనక్కి తగ్గిందో ఏటా చలికాలం ముందు కొలిచి, నలభై ఏళ్లు అందులో రాశాడాయన; ఆయన పోయాక ఉన్నూర్ రాస్తోంది. ఒక్కో ఏడాదికి రెండు వరుసలు. కొద్దిగా తగ్గితే నీలం, బాగా తగ్గితే ఎరుపు. రేపటి నుంచి ఆ కొలత మనవరాలు సోల్దిస్‌ది. స్వెటరూ ఆమెకే.

మెడ దగ్గరికొచ్చేసరికి అంతా ఎరుపే. మధ్యలో ఏడేళ్ల కిందటి రెండు వరుసలు మాత్రం నీలం.

సోల్దిస్ ఆ నీలాన్నే వేలితో నిమిరింది. "తాత పోయిన ఏడు కదా అమ్మమ్మా ఇది. ఆయన కోసం మంచు ఆగిందని బళ్లో అందరికీ చెప్పా. రేపు కొలత చూడ్డానికి వచ్చేవాళ్లకీ చెప్తా."

ఉన్నూర్ అల్లడం ఆపేసింది.

ఆ ఏడు ఆయన ఆస్పత్రిలో ఉంటే టేపు పట్టుకుని వెళ్లింది ఆమే. ఎనభై రెండు మీటర్లు. తిరిగొచ్చి, ఆయన మొహం చూసి, నాలుగే అంది; ఆయన పుస్తకంలో అదే రాసుకున్నాడు. ఏటా కొలతలు పంపే రెయిక్యావిక్ ఆఫీసుకూ ఆ నాలుగే వెళ్లింది. మిగిలిన డెబ్బై ఎనిమిదినీ మరుసటేడు లెక్కలో కలిపేసింది. చావుబతుకుల్లో ఉన్న మనిషికి చెప్పిన అబద్ధం పాపం కాదని సర్దిచెప్పుకుంది. పిల్ల దాన్ని ఒంటికి తొడుక్కుని తిరుగుతుందని అప్పుడెవరనుకున్నారు?

సూదులు లాగేసి, వరుసలు విప్పడం మొదలుపెట్టింది. ఆపాలని సోల్దిస్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది.

"ఆగలేదే పిల్లా. ఎనభై రెండు తగ్గింది. మీ తాతకు నేనే నాలుగని చెప్పా."

సోల్దిస్ మొహం పాలిపోయింది. నోటుపుస్తకం లాక్కుని ఆ పేజీని చాలాసేపు చూసింది.

"అన్ని అంకెలూ సిరాతో రాశాడు అమ్మమ్మా. ఇదొక్కటే పెన్సిల్‌తో."

ఆస్పత్రిలో కలం దొరకలేదని ఉన్నూర్ అంది. ఇన్నేళ్లూ అలాగే అనుకుంది మరి.

"పక్కన తారీఖు, సంతకం సిరాతోనే ఉన్నాయి."

ఉన్ని ఉండ ఆమె ఒళ్లోంచి జారిపోయింది. నలభై ఏళ్లు ఆ మంచుతో కాపురం చేసిన మనిషికి నాలుగో ఎనభయ్యో తెలియదా? నమ్మినట్టే తలూపి, దిద్దుకోమని చోటు వదిలి పోయాడు. ఏడేళ్లు తను దిద్దలేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, రబ్బరూ కలమూ తెమ్మని మనవరాలికి చెప్పింది.