మధ్యాహ్నం ముక్క

ఆవిడ స్టవ్ మీద పొంగి ఎండిపోయిన పాలచారను గోకుతుండగా కూతురు వచ్చి, శనివారం మ్యూజియానికి రావాలి, నిన్ను తప్పకుండా తీసుకురమ్మన్నారు అంది.

"దేనికి? గాజుపెట్టెలో పెట్టి చూపిస్తారా?" అన్నాడు భర్త పేపరు వెనకనుంచి. తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. ఆ ఒక్క పనీ ఇంట్లో ఇంకెవరికీ అప్పగించడు. అత్తగారు మాత్రం నేరుగా అసలు విషయానికి వచ్చింది, భోజనం వేళకి తిరిగొచ్చేస్తుంది కదా అని.

ఊళ్ళో మానవ హక్కుల మ్యూజియం ఒకటుంది. హక్కులు కోర్టుల్లోనూ ఊరేగింపుల్లోనూ మాత్రమే ఉండవు, మీ ఇంట్లో ఉన్నాయో లేవో చెవులతో వెతకండి అని చెప్పి, అక్కడివాళ్ళు హైస్కూలు పిల్లలకు తలా ఒక రికార్డరు ఇచ్చి పంపారు. పిల్ల దాన్ని వంటింటి అలమరలో డబ్బాల వెనక పెట్టి ఒక రోజంతా వదిలేసింది. ముందే చెబితే అందరూ మర్యాదస్తులైపోతారట. ఇప్పుడు దాన్ని ప్రదర్శనలో పెట్టాలంటే, అందులో ఎవరెవరి గొంతుందో వాళ్ళంతా విని సరేననాలి.

శనివారం అత్తగారు తప్ప ముగ్గురూ వెళ్ళారు. మ్యూజియం అమ్మాయి ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, ఆ రోజులోంచి ఏరిన ముక్కలు వినమని అందరికీ హెడ్‌ఫోన్లు ఇచ్చింది.

మొదట ఆవిడకు సరదాగానే ఉంది. టవలేదీ? తలుపు వెనక. టీ ఏమైంది? ఇదిగో, అయిపోయింది. అమ్మా, నా సాక్సూ? వస్తున్నా. ఇంకొంచెం ఉప్పుంటే బాగుండేది. రేపు వేస్తాను. రోజంతా తను ఇన్ని తక్కువ మాటలతో నెట్టుకొస్తోందని ఆవిడకు తెలియదు. కాలేజీలో వక్తృత్వపు పోటీలకు వెళితే, గంట కొట్టినా ఆపేది కాదని ఆవిడకు పేరు.

తర్వాత వీధి తలుపు పడింది. మధ్యాహ్నం అత్తగారు పడుకోబోతూ తన గది తలుపు వేసుకుంది. కాసేపు కుళాయి నీళ్ళు, గిన్నెలు. అప్పుడు ఒక ఆడగొంతు తీరుబడిగా అందుకుంది: "ఏమే, నిన్నేమైందో విన్నావా? వాళ్ళ ఆఫీసరు భోజనానికొచ్చాడు కదా. నన్ను చూపించి మావారు, 'మా ఆవిడ, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది' అన్నారు. అప్పుడు నా చేతుల్లో ఆరు ప్లేట్లున్నాయే!"

అని ఆగింది. ఎదుటి మనిషి జవాబు చెప్పేంతసేపు ఆగింది. ఆ వినపడని జవాబుకు పగలబడి నవ్వింది.

ఆ గొంతు తనదే. ఎవరితో మాట్లాడుతున్నట్టు? ఫోనెప్పుడూ ముందుగదిలోనే ఉంటుంది. ఏమే అని పిలవగలిగిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరు. ఉన్న స్నేహితురాళ్ళు పెళ్ళిళ్ళయ్యాక తలో ఊరికీ పోయారు, మొదట్లో ఫోన్లు చేసుకున్నారు, ఆ తర్వాత పండక్కి ఫోన్లో శుభాకాంక్షల బొమ్మలు పంపుకున్నారు, ఇప్పుడు అదీ లేదు. ఎవరి జవాబు కోసం ఆగిందో గుర్తుచేసుకోవాలని చూసింది. ఏ ముఖమూ రాలేదు. కానీ ఆ నవ్వు మాత్రం బాగుంది. ఇలా నవ్వే మనిషి పక్కింట్లో ఉంటే రోజూ వెళ్ళి కూర్చునేదాన్ని కదా అనుకుంది.

భర్త హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేశాడు. ఇంట్లో టవలడగడం కూడా నేరమేనా అన్నాడు. తన గొంతు తీసెయ్యమన్నాడు. అత్తగారికి ఫోను చేస్తే, నేనేమన్నానని నా గొంతు పెడతారు, తీసెయ్యండి అంది. కూతురు కాసేపు గోళ్ళు చూసుకుని, "నాది కూడా తీసెయ్యండక్కా" అంది మెల్లిగా.

"మరింకేం, మొత్తం తీసెయ్యండి. మా ఆవిడా వద్దనే అంటుంది," అన్నాడు భర్త.

"మీది తీసేస్తాం సార్. ఆవిడ సంగతి ఆవిడే చెప్పాలి," అని ఆ అమ్మాయి కుర్చీ ఇటు తిప్పుకుంది. "చెప్పండమ్మా."

ఏం వండమంటారు అని రోజూ అందరినీ అడిగేది ఆవిడే, ఇవాళ తనను అడిగారు.

"ఉంచండి," అందావిడ. "మధ్యాహ్నం ముక్క కూడా."

"పిచ్చిదనుకుంటారు," అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"అనుకోనివ్వండి. నా గురించి ఎవరైనా ఏదో ఒకటి అనుకుని చాలా రోజులైంది."

ముగ్గురూ తిరిగి ఇల్లు చేరారు. భోజనం వేళ దాటలేదు.

ప్రదర్శన మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం, అత్తగారు పడుకున్నాక, ఆవిడ ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. ఏదో స్కూలు వాళ్ళు వచ్చినట్టున్నారు, హాలంతా పిల్లలే. మూలనున్న బెంచీ మీద రెండు జడల పిల్ల ఒకతి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముఖం చిట్లించి వింటోంది. ఆవిడ వెళ్ళి పక్కన కూర్చుని, అక్కడున్న రెండో జత ఒక చెవికి ఆనించుకుంది. తలుపు వెనక. ఇదిగో, అయిపోయింది. వస్తున్నా. రేపు వేస్తాను. అడిగినవాళ్ళెవరూ లేరు, జవాబులు మాత్రం వరసగా వస్తున్నాయి. తర్వాత కుళాయి, గిన్నెలు, ఏమే.

ఆ పిల్ల హెడ్‌ఫోన్లు తీసి ఇటు తిరిగింది. "ఆంటీ, పాపం ఈవిడ ఒక్కతే ఉంటుందా ఇంట్లో?"

"లేదమ్మా. నలుగురుంటారు," అందావిడ.

మిగతా ముగ్గురూ ఎక్కడైనా వినిపిస్తారేమోనని ఆ పిల్ల మళ్ళీ మొదటినుంచీ పెట్టుకుని వినసాగింది.