పచ్చివాసన పోయేదాకా

"మన కూరలు వాళ్లింట్లో రోజూ తినేవే కదా, నీ మీట్‌బాల్స్ చేసెయ్" అని శుక్రవారమే భార్యకి ఆర్డరు వేశాడు చక్రధర్. అందుకని ఆదివారం మధ్యాహ్నం మూడింటికి గౌరి నాలుగు బ్రెడ్ ముక్కల అంచులు తీసేసి పాలల్లో నానేసింది. ఉల్లిపాయ తురిమి వెన్నలో వేయించింది. కోడి కీమాలో ఆ బ్రెడ్డూ ఆ ఉల్లిపాయా ఒక గుడ్డూ కలిపి, మిరియాల పొడి, కాస్త జాజికాయ, చిటికెడు ఆల్‌స్పైస్ వేసి, చేతులు తడి చేసుకుని ఉసిరికాయంత ఉండలు చుట్టడం మొదలుపెట్టింది. పేరుకి స్వీడన్ వంటకం. అమెరికాలో, ట్రాయ్‌లో ఉన్న ఆ ఇంట్లో అదెంత పాతబడిపోయిందంటే, కొడుకు ధృవ్ యాన్ ఆర్బర్ కాలేజీ నుంచి సెలవులకి వస్తే ముద్దపప్పు కంటే ముందు దీన్నే అడుగుతాడు.

వచ్చేది మోహన్, పద్మజ, వాళ్ల పదకొండేళ్ల కూతురు ప్రణవి. కాపెల్ అనే ఊరి నుంచి ఇక్కడికి మారి నెల కూడా కాలేదు. మోహన్ చక్రధర్ టీమ్‌లోనే చేరాడు.

చేతులు ఉండలు చుడుతున్నాయన్న మాటే గానీ గౌరి ప్రాణమంతా పక్కనున్న ఫోన్లో ఉంది. గురువారం స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. వాళ్లింటి వెనక రోడ్డు మీదున్న మిడిల్ స్కూల్లో కిచెన్ మేనేజర్ ఉద్యోగం ఇస్తున్నారు. రేపు పొద్దున ఎనిమిదింటిలోగా ఏ సంగతో చెప్పాలి, ఒప్పుకుంటే వచ్చే సోమవారం చేరాలి. చక్రధర్‌కి చూపిస్తే ముఖం మాడ్చుకున్నాడు. మనవాళ్ల పిల్లలు సగం మంది అక్కడే చదువుతారు, తెలుసా అన్నాడు. ఫ్యామిలీ రీజన్స్ అని పెట్టి నో చెప్పెయ్ అన్నాడు. ఆమె ఇంగ్లీషు మీద నమ్మకం లేదో, ఆమె మీదే లేదో, ఆ జవాబేదో తనే ఆమె ఫోన్లో టైపు చేసి మరీ చేతికిచ్చాడు. ఇక సెండ్ నొక్కడం ఒక్కటే మిగిలింది. మూడు రోజులుగా గౌరి ఆ ఒక్క పనీ చెయ్యలేదు.

ఆయనకి అంత భయం దేనికంటారా? తొమ్మిదేళ్ల కిందటి సంగతి చెప్పుకోవాలి. గౌరి బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చదివింది. పెళ్లయి ఇక్కడికొచ్చి, వీసా పుణ్యమా అని పన్నెండేళ్లు ఇంట్లోనే ఉండి, పని చేసుకునే కాగితం చేతికి రాగానే ఒక ఎలిమెంటరీ స్కూల్ కిచెన్లో చేరింది. ఇంట్లో వంట చాల్లేదా, మళ్లీ అక్కడా వంటేనా అన్నాడు చక్రధర్. చేరితే చేరావు, మనవాళ్లు లేని వైపు చూసుకో అన్నాడు. అందుకని నడిచి వెళ్లే దూరంలో ఉన్న స్కూళ్లన్నీ వదిలేసి అరగంట డ్రైవ్ చేసే చోటు వెతుక్కుంది. ఆ నెలలోనే ఎవరిదో గృహప్రవేశం. గౌరికి స్కూల్లో జాబ్ వచ్చిందని చక్రధర్ అనడమూ, ఓ, టీచరా, కంగ్రాట్స్ అని ఎవరో ఆవిడ అనడమూ ఒకేసారి జరిగాయి. గౌరి మొగుడి వైపు చూసింది. ఆయన ప్లేటులో ఉన్న గారెని మహా శ్రద్ధగా చూసుకుంటున్నాడు. కారెక్కాక, ఇప్పుడు అందరికీ విడమరిచి చెప్పుకుంటూ తిరుగుతామా, ఊరుకో అన్నాడు. ఆమె ఊరుకుంది. ఆ ఊరుకోవడమే తొమ్మిదేళ్లు సాగింది.

అబద్ధం చెప్పడం ఒక ఎత్తు, దాన్ని మొయ్యడం ఒక ఎత్తు. చెప్పింది ఆయన, మోసింది ఆమె. పార్టీల్లో పిల్లల లెక్కల గురించీ మార్కుల గురించీ అడిగితే తోచిందేదో చెప్పేది. కెరీర్ డేకి అమ్మ రావాలని ధృవ్ గొడవ పెట్టిన ఏడాది నాన్న వెళ్లాడు. అత్తగారు రాధారాణి తెనాలి నుంచి వచ్చి ఆర్నెల్లు ఉన్నప్పుడు మరీ ఘోరం. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, చేతిలో ఏదో పుస్తకం పట్టుకుని బయల్దేరి, స్కూల్ పార్కింగ్‌లో కార్లో చీర మార్చుకుని నల్ల ప్యాంటూ జారని బూట్లూ వేసుకునేది. సాయంత్రం మళ్లీ చీర. ఆవిడ పాపం మంచి మనిషి. పాఠాలు చెప్పి చెప్పి గొంతు పట్టేస్తుందమ్మా అని కోడలికి రోజూ మిరియాలు వేసిన వేడి పాలు ఇచ్చేది. నిజానికి నొప్పి పెట్టేది గొంతు కాదు, భుజాలు. పెద్ద పెద్ద ట్రేలు ఎత్తీ దింపీ రాత్రికి చెయ్యి పైకి లేచేది కాదు. ఆ సంగతి తెలిస్తే ఆ తల్లి భుజాలకి కొబ్బరినూనె రాసి ఉండేది. రాయించుకునే యోగం కూడా లేకుండా పోయిందే అని గౌరికి ఇప్పటికీ బాధ.

ఉండలన్నీ చుట్టి, బాణలిలో వెన్న కరిగించి నాలుగు వైపులా ఎర్రగా వేయించింది. వాటిని తీసి పక్కన పెట్టి, అడుగున మిగిలిన వెన్నలోనే మైదా వేసి తిప్పసాగింది. ఆ వాసనకి ఎప్పుడూ లొరెయిన్ గుర్తొస్తుంది.

లొరెయిన్ ఆ స్కూల్ కిచెన్‌కి పెద్ద. అప్పటికే అరవై దాటింది. ఐదడుగులు కూడా లేదు గానీ గొంతు బయట స్కూల్ బస్సుల దాకా వినిపించేది. వాళ్ల అమ్మమ్మ స్వీడన్ నుంచి ఓడెక్కి వచ్చిందట. నెలకోసారి మెనూలో స్వీడిష్ మీట్‌బాల్స్ పడిన రోజు ఆమెకి పండగే. ఉండలు ఫ్యాక్టరీవి, గడ్డకట్టిన సంచుల్లో వచ్చేవి. అవి వాళ్లవి, గ్రేవీ మనది అనేది లొరెయిన్. చేరిన మూడో వారంలో మొదటిసారి ఆ గ్రేవీ దగ్గర నిలబడింది గౌరి. వెన్నలో పిండి వేగుతోంది, లొరెయిన్ పాలు పొయ్యబోతోంది. గౌరి ముక్కుకి పిండి పచ్చివాసన కొట్టింది. కొత్తగా వచ్చిన మనిషి, చెప్పొచ్చో కూడదో. చెబుదామన్నా ఆ మాటకి ఇంగ్లీషులో మాట దొరకదాయె. చివరికి ముక్కు పట్టుకుని చూపించి, పచ్చివాసన అనేసింది. లొరెయిన్ పాల డబ్బా కింద పెట్టి, వంగి వాసన చూసి, అదేమిటో ఇంకోసారి చెప్పు అంది. ముప్పై ఏళ్లుగా ఈ వాసన నాకు తెలుసు గానీ దీనికో పేరుందని తెలీదు అంది. ఇక చూడాలి, ఆ రోజు నుంచీ హెయిర్‌నెట్లు పెట్టుకున్న నలుగురు అమెరికా ఆడవాళ్లు పొద్దున్నే "గౌరీ, పాచీ వాసనా పోయిందా చూడు" అని కేకలు. ఆ కిచెన్లో గౌరి నవ్వినంతగా ఇంకెక్కడా నవ్వలేదు.

ఒకసారి అందరూ పనిలోకి వచ్చాక మంచు ఎక్కువై స్కూలు మూసేశారు. ఈ రోడ్ల మీద ఇప్పుడు అంత దూరం నడపొద్దని లొరెయిన్ ఆమెని నాలుగు వీధుల అవతలున్న తన ఇంటికి తీసుకెళ్లింది. అసలు మీట్‌బాల్స్ ఎలా ఉంటాయో చూపిస్తాను, కూర్చో అంది. గౌరి లేవబోతే మళ్లీ కూర్చో అంది. వేడివేడిగా ప్లేటు తెచ్చి, పక్కన ఎర్ర పళ్ల జాము వేసి ముందు పెట్టి, "ఇన్నాళ్లుగా పిల్లలకి వడ్డిస్తున్నావు గానీ ఒక్కటీ నువ్వు నోట్లో వేసుకోలేదు, చూశాను. ఇవి కోడివి, తిను" అంది. గౌరి పెద్ద మాంసం తినదని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఊరికే గమనించింది. పెళ్లయ్యాక ఒక మనిషి తనని అంతగా గమనించి, కూర్చోబెట్టి వడ్డించడం అదే మొదలు. గౌరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. జాము మరీ పుల్లగా ఉందా అని అడిగింది పిచ్చి తల్లి.

ఆ లొరెయిన్ రిటైరై ఉత్తరాన వాళ్ల చెల్లెలింటికి వెళ్లిపోయింది. పోయిన శీతాకాలం ఆమె చనిపోయిందని కబురొచ్చింది. గౌరి సింకు దగ్గర నిలబడి ఏడుస్తుంటే చక్రధర్ ఎవరని అడిగి, పేరు చెప్పాక, "ఓ, ఆ వంటావిడా" అన్నాడు. చెడ్డవాడై అనలేదు. అదే ఆమెకి ఎక్కువ నొప్పి పెట్టింది. ఆయన లేఆఫై ఏడు నెలలు ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్ ఆ వంటావిడ కిచెన్ నుంచే వచ్చింది మరి.

పిండి కమ్మటి వాసన వచ్చింది. చికెన్ ఉడికించిన నీళ్లు పోసి ఉండ కట్టకుండా తిప్పి, క్రీమ్ పోసి, రెండు చుక్కలు సోయా సాస్ వేసి, వేయించిన ఉండల్ని అందులో వదిలింది. లొరెయిన్ వేసే ఎర్ర జాము బదులు ఈ ఇంట్లో తియ్యగా చేసిన క్రాన్‌బెర్రీ పచ్చడే.

ఆరింటికి వాళ్లొచ్చారు. పద్మజది కరీంనగర్, కలుపుగోలు మనిషి. వస్తూనే టీచర్ గారూ అని నమస్కారం పెట్టింది. భోజనాల దగ్గర కూర్చున్నాక మోహన్ రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు, ప్రణవి మోర్ గ్రేవీ ప్లీజ్ ఆంటీ అంది. ఇంత బాగా ఎక్కడ నేర్చుకున్నారని పద్మజ అడిగితే గౌరి నోరు తెరిచేలోపే, "యూట్యూబ్ చూసేనండీ, ఒకసారి చూస్తే పట్టేస్తుంది" అన్నాడు చక్రధర్, ఎంతో మెచ్చుకోలుగా. గౌరి చేతిలో గరిటె ఆగింది. తనని మాయం చేస్తే తొమ్మిదేళ్లు ఓర్చుకుంది. లొరెయిన్‌ని కూడా మాయం చేశాడు, నవ్వుతూ, రెండు ముక్కల్లో.

కొలతలు చెప్పండి, రాసుకుంటా అంది పద్మజ.

"నాలుగు వందల మందికైతే కొలతలు తెలుసు. ఐదుగురికైతే కంటితో చూసి వేసేస్తాను" అంది గౌరి.

పద్మజ నవ్వింది. స్కూల్ పాట్‌లక్ విందులకి ఈవిడే పెద్ద దిక్కు లెండి అని చక్రధర్ కూడా నవ్వేసి, నీళ్లు తాగాడు.

మాట పిల్లల మీదికి మళ్లింది. ప్రణవి వెనక రోడ్డు మీది మిడిల్ స్కూల్లోనే ఆరో క్లాసు. పద్మజ గొంతు తగ్గించింది. "మా పిల్ల లంచే తింటలేదు గౌరి గారూ. ఎవరి టేబుల్ కాడ కూసోవాల్నో తెల్వక లైబ్రరీల పోయి కూసుంటదట. టీచర్‌కి మెయిల్ పెడదామంటే వద్దని ఏడుస్తది. ఏం జేయాల్నో సమజైతలేదు."

ప్రణవి తల వంచుకుంది. ఆ వంచుకున్న తల గౌరికి బాగా తెలుసు. తొమ్మిదేళ్లలో ఎంతమందిని చూసింది. ట్రే పట్టుకుని హాలు మధ్యలో నిలబడి, ఏదో మర్చిపోయినట్టు నటించే పిల్లలు. అలాంటి పిల్ల కనబడితే లొరెయిన్ జాలిపడేది కాదు, పనిచెప్పేది. ఈ పాల డబ్బాలు కాస్త సర్ది పెట్టవూ, నా చేతులు ఖాళీ లేవు అనేది. రెండు రోజుల్లో ఆ పిల్ల పక్కన ఇంకో పిల్ల చేరేది. వారం తిరిగేసరికి ఇద్దరూ ఒక టేబుల్ దగ్గర కూర్చుని తినేవాళ్లు. ఇది ఏ యూట్యూబులోనూ ఉండదు.

"మీరు ఆ స్కూల్ల ఉంటే ఎంత బాగుండు టీచర్ గారూ, కొంచెం మా పిల్లని చూసుకుందురు" అంది పద్మజ.

"తనది వేరే డిస్ట్రిక్ట్ కదండీ, చాలా దూరం" అని చక్రధర్ వెంటనే అందుకున్నాడు. అంటూ గౌరి వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి అలవాటే. ఊరుకో అని అర్థం.

గౌరి కుర్చీ లాక్కుని ప్రణవి పక్కన కూర్చుంది.

"పద్మజా, నేను టీచర్‌ని కాదు. తొమ్మిదేళ్లుగా స్కూల్ కిచెన్లో వంట చేస్తున్నాను. ఇది నాకు నేర్పింది లొరెయిన్ అని మా పెద్ద కుక్. వచ్చే సోమవారం నుంచి ప్రణవి వాళ్ల స్కూల్ కిచెన్ నాది."

చక్రధర్ గౌరీ అని మెల్లగా అన్నాడు. ఆమె అటు తిరగలేదు. ప్రణవి ఒక్కతే తలెత్తి చూస్తోంది, నిజమేనా అన్నట్టు.

"ఆ రోజు లంచ్‌కి లైబ్రరీకి పోకమ్మా, తిన్నగా కిచెన్ తలుపు దగ్గరికి రా. నాకు చిన్న సాయం కావాలి" అంది గౌరి. "ఎవరైనా ఆపితే, మా ఆంటీ ఇక్కడ వంట చేస్తుందని చెప్పు."