చలిజ్వరం పట్టిన జీపు

ఆ శనివారం సుకుమార్ చేయాల్సిన పనులు ఇవి. టైర్లలో గాలి చూపించాలి. సోమవారం ఎన్నింటికి తయారుగా ఉండాలో కూలీ ఆడవాళ్లకు ఇల్లిల్లూ తిరిగి చెప్పాలి. బాల్కొండ రైతు లింబాద్రికి ఫోన్ చేసి, ఇంకొక్కసారి చూడమని బతిమాలాలి. సీట్ల కింద పేరుకున్న మట్టి కడగాలి, ఎందుకంటే ఆదివారం మధ్యాహ్నం భీమ్‌గల్ నుంచి రంజిత్ జీపు చూడటానికి వస్తాడు, నచ్చితే తోలుకుపోతాడు. ఇక ఇన్నాళ్లూ ఎవరు చెప్పినా వాయిదా వేస్తూ వచ్చిన పని ఒకటి: మెకానిక్ దేవిదాస్ దగ్గరికి వెళ్లాలి.

బండిని నిలబెట్టుకునే పనులూ, బండిని అమ్ముకునే పనులూ ఒకే రోజున పడ్డాయి. ఏవి ముందు చేయాలో అతనికే తెలియలేదు.

మస్కట్‌లో చెమటోడ్చిన డబ్బుతో కొన్న పాత జీపు అది. అది పోతే మళ్లీ మస్కట్టే దారి. భార్య ప్రియ ఆ మాట ఎత్తితేనే లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది.

లోకంలో బండ్లన్నీ ఎండకు ఉడుకుతాయి. సుకుమార్ జీపు చలికి ఉడుకుతోంది. పసుపు తవ్వే రోజులు. తెల్లారకముందే ఆర్మూర్‌లో ఆడవాళ్లను ఎక్కించుకుని బాల్కొండ చేలకు చేర్చడం అతని పని. పెర్కిట్ దాటీదాటకముందే వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కేది. బానెట్ సందుల్లోంచి పొగలు. ఆడవాళ్లు దిగి, కొంగులు తలకు చుట్టుకుని, రోడ్డు పక్కన వణుకుతూ నిలబడేవాళ్లు.

"ఏం సుకుమారూ, చాయ్ పెడ్తున్నవా ఇంజిన్ల? జర అల్లం దంచి ఎయ్యి!" అనేది ఒకామె.

అతనికి నవ్వు వచ్చేది కాదు. కాసేపు ఆగి, నీళ్లు పోసి, ఎండ ఎక్కాక మళ్లీ స్టార్ట్ చేస్తే బండికి అసలేం కానట్టే ఉండేది. పది గంటలకు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ముల్లు బుద్ధిగా మధ్యలో కూర్చునేది. ఒకాయన ఫ్యాన్ బెల్టు మార్చాడు. ఇంకొకాయన నీళ్ల పంపు మార్చాడు. మూడో ఆయన ఇంజిన్ హెడ్డు విప్పాలన్నాడు. పక్కింటి నడిపయ్య మాత్రం, "మనుషులకు చలిజ్వరం రాదా? దానికీ గదే!" అని తేల్చేశాడు. పనికి ఆలస్యమవుతోందని లింబాద్రి విసిగిపోయి, సోమవారం కూడా ఇదే తంతైతే వేరే బండి మాట్లాడుకుంటానన్నాడు.

దేవిదాస్ దగ్గరికి వెళ్లకపోవడానికి కారణం ఆయన నోరు. ఆ చేతికి మొక్కినవాళ్లు కూడా ఆ నోటికి దండం పెట్టి దూరం జరుగుతారు. సుకుమార్ వెళ్లేసరికి ఆయన ఒక ట్రాక్టర్ కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"కాకా, బండి ఉడుకుతున్నది."

"ఊళ్లె మెకానిక్‌లందరు అయిపోయినంక నేను యాదికొచ్చిన్నా?" అన్నాయి కాళ్లు.

బయటికి వచ్చాక ఆయన బానెట్ ఎత్తలేదు. చేతులు తుడుచుకుంటూ అడగడం మొదలుపెట్టాడు. రాత్రి బండి ఎక్కడ పెడతావు? కప్పుతావా? ఎండాకాలం ఎట్లుండె? చివరికి, "ఎప్పుడు మంచిగుంటది?" అన్నాడు.

ఏం రోగమని అందరూ అడిగారు. ఎప్పుడు బాగుంటుందని ఎవరూ అడగలేదు.

"మధ్యాహ్నం మస్తు లోడుతోని కమ్మర్‌పల్లి దాంక పోయిన కాకా. ముల్లు కదల్లే."

"అయితే హెడ్డు గాదు. హెడ్డుకు పొద్దు మాపు ఎర్కుంటదా? హెడ్డు పోతే ఎండకు సుత ఉడుకాలె."

"ఒకసారి విప్పి చూడరాదు?"

"ఇప్పుడు విప్పితే ఏం గనవడ్తది? రోగమేమో పొద్దుగాల వస్తది, డాక్టరేమో పగటీలి చూస్తడు. గందుకే గా ముగ్గురికి దొరకలే. బండిని రోజు పెట్టే కాడనే పెట్టు. తాళంచెయ్యి ముట్టకు, స్టార్ట్ చెయ్యకు. రేపు మబ్బులనే, తెల్లారకముందే నేనొస్త. ఇంట్ల అందర్ని అడుగు, దీనికి ఎవలెవలు ఏం రిపేర్ చేసిర్రో."

ఇంటికి వెళ్లి సుకుమార్ అడిగాడు. ప్రియ తనకేం తెలియదంది. తల్లి సాయవ్వ చేటలో బియ్యం చెరుగుతూ, "నాకు రిపేర్లేం తెలుస్తయి బిడ్డా" అంది.

ఆదివారం తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా ఉందంటే ఆర్మూర్ రాళ్లగుట్ట కనిపించలేదు. దేవిదాస్ దుప్పటి కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చాడు. రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్లు పచ్చగా ఉన్నాయి. పంపు మార్చినాయన కూలెంట్ అనే రంగు మందు పోసి ఉంటాడనుకుని ఆయన మూత పెట్టేశాడు. తర్వాత బండి స్టార్ట్ చేయించి, ఒక చెయ్యి రేడియేటర్ పై పైపు మీద, ఇంకో చెయ్యి కింది పైపు మీద పెట్టి, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకున్నాడు.

ముల్లు ఎక్కుతోంది. చలిలోనూ సుకుమార్‌కు చెమట పట్టింది.

"నువ్వు పట్టు," అన్నాడు దేవిదాస్.

పై పైపు మీద చెయ్యి నిలవలేదు. కింది పైపు కుండనీళ్లలా చల్లగా ఉంది.

"పైన అగ్గి, కింద మంచు. నీళ్లు తిరుగుతలేవు. బంద్ చెయ్యి. వాల్వు పట్టేసినట్టున్నది."

ఇంజిన్ వేడెక్కితే తెరుచుకుని నీళ్లను రేడియేటర్‌లోకి వదిలే చిన్న వాల్వు అది. ఇంజిన్ కాస్త చల్లారాక దాన్ని విప్పి, నేరుగా వంటింటి గుమ్మం దగ్గరికి నడిచాడు.

"సాయవ్వ వదినా, చాయ్ తర్వాత. ముందుగాల గిన్నెల నీళ్లు మసలబెట్టు."

మసిలే నీళ్లలో వేయగానే వాల్వు మెల్లగా, కప్ప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. బయటికి తీస్తే మూసుకుంది. దేవిదాస్ దాన్ని తుడిచి కళ్లకద్దుకున్నాడు.

"దీని తప్పేం లేదు. నేనే ఉత్తగ అనుమానపడ్డ."

వాల్వు మార్చేశానని చెప్పి వెళ్లిపోయినా సుకుమార్‌కు తెలిసేది కాదు. ఇంతమంది చెయ్యి పెట్టిన బండి దగ్గర, తన అనుమానం తప్పని చెప్పిన మొదటి మనిషి ఈయనే. ఇంతకాలం ఈయన నోటికి భయపడి రాకుండా ఉన్నందుకు సుకుమార్‌కు సిగ్గేసింది.

దేవిదాస్ కింది పైపు విప్పాడు. నీళ్లు ధారగా పడాలి. పడలేదు. వేలు పెట్టి కెలికితే, పచ్చటి ముద్ద ఒకటి సాగుతూ సాగుతూ వచ్చి కింద పెట్టిన ఇనుప తట్టలో పడింది. ఆయన దాన్ని వాసన చూశాడు. మళ్లీ చూశాడు.

"సాయవ్వ వదినా, జర ఇటు రా."

సాయవ్వ వచ్చింది. తట్టలోకి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గిది పసుపు గాదూ?"

"పసుపే మరిదీ."

"మరి నిన్న వీడు అడిగితే చెప్పకపోతివి?"

"రిపేర్లు ఎవలు చేసిర్రని అడిగిండు. పసుపు ఏసుడు రిపేరా?" అంది సాయవ్వ. "వానకాలం బండి కింద రోజూ నీళ్ల మడుగు. రేడియేటర్ల చిటికెడు పసుపేస్తే కారే ఓటు మూసుకుంటదని డ్రైవర్లు అనుకుంటుంటే విన్న. ఏసిన. మూసుకున్నది. మళ్ల కారొద్దని అప్పుడో పిడికెడు, అప్పుడో పిడికెడు ఏస్తనే ఉన్న."

కల్లంలో ఏరుకొచ్చిన విరిగిన కొమ్ములను గిర్నీలో పట్టించిన పసుపు. ఇంట్లో డబ్బా నిండా ఉంటుంది.

"పిడికెళ్లా! గింత పసుపు పెండ్లిపిల్లకు సుత రాయరు గదనే!"

"చిటికెడే గంత గుణం చేస్తే పిడికెడు ఎంత చేస్తదో అనుకున్న."

సుకుమార్‌కు ఒళ్లు మండింది. "అవ్వా, నీ పసుపుతోని నా బండి..."

"నోర్ముయ్యిర," అన్నాడు దేవిదాస్. "ఓటు ఉన్నదని నువ్వు చూస్తివా? బిందెలకు బిందెలు నీళ్లు పోసుకుంట తిరిగినవ్. చూసింది ఆమె." తర్వాత తట్ట ముందు గొంతుక్కూర్చున్నాడు. "కానీ వదినా, నాకొకటి సమజైతలే. పసుపే అడ్డమైతే పగటీలి సుత ఉడుకాలె గదా?"

సాయవ్వ పుల్లతో ముద్దను పొడిచి చూసింది. "గంజి గదా మరిదీ! ఉడుకుంటే జారుతది, సల్లారితే గడ్డ కడ్తది. చలి పెడితే ఇంక గట్టిగైతది. తెల్లారి గంజి కుండ నీకేం ఎరుక? నీ పెండ్లామే కడుగుతది గదా."

దేవిదాస్ పగలబడి నవ్వి, రెండు చేతులూ ఎత్తి ఆమెకు దండం పెట్టాడు. రాత్రి చలికి రేడియేటర్ అడుగున పసుపు గడ్డ కడుతోంది. ఇంజిన్ ఉడికి, ఆగి, ఎండ తగిలేసరికి జారిపోతోంది. మెకానిక్ దగ్గరికి చేరేసరికి బండి ఆరోగ్యంగా ఉంటోంది.

ఇక అందరూ పనిలో పడ్డారు. సాయవ్వ ఆదివారం ప్రార్థనకు వెళ్లడం మాని పొయ్యి మీద గుండిగ నిండా నీళ్లు పెట్టింది. ప్రియ బకెట్లు అందించింది. పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి, తేట నీళ్లు వచ్చేదాకా వేడినీళ్లతో కడిగారు. కడిగాక అసలు ఓటు బయటపడింది. దేవిదాస్ దానికి టంకం పెట్టి, వాల్వూ పైపులూ బిగించి, నీళ్లు నింపి బండి స్టార్ట్ చేయించాడు.

"నా మాట నమ్మకు. నీ చేతులతోని పట్టి చూడు."

పై పైపు వేడెక్కింది. కాసేపటికి కింది పైపూ వేడెక్కింది. సుకుమార్ కాలుతున్నా చేతులు తీయలేదు.

మధ్యాహ్నం రంజిత్ వచ్చాడు. "ఏమన్నా, కాయితాలు తయారేనా?"

దేవిదాస్ పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఇటు చూడలేదు. సుకుమార్ జీపుకు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్ముతలేను తమ్మీ."

"రేపు చలికి మళ్ల ఉడికితే? నేను మళ్ల రాను చూడు."

"ఉడికితే రెండు పైపులు పట్టి చూస్త. నీళ్లు యాడ ఆగుతయో ఇప్పుడు నాకెర్కే."

ఆ మాట విని ప్రియ గుమ్మంలోనే నిలబడింది, లోపలికి వెళ్లలేదు.

సోమవారం చలి ఇంకా పెరిగింది. సుకుమార్ కళ్లు రోడ్డు మీద ఎంత ఉన్నాయో ముల్లు మీద అంత ఉన్నాయి. ముల్లు మధ్యకు వచ్చి ఆగింది. లింబాద్రి చేనుకు వచ్చేసరికి ఆడవాళ్లు అప్పటికే సాళ్లలో ఉన్నారు. ఆయన జీపును ఒకసారి చుట్టి చూసి, "పసుపు అయిపోయేదాంక నువ్వే రా," అన్నాడు.

దేవిదాస్ షెడ్డుకు బోర్డు లేదు. ఆయన నోటి గురించి చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. రోగం వచ్చే వేళకు తానే ఎదురెళ్లి, తన అనుమానం తప్పని తేలగానే దాన్ని వదిలేసి, తెలియనిదాన్ని పక్కనున్న ఆడమనిషిని అడిగి తెలుసుకున్న మనిషి గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఈ కథ చదివిన మీరైనా ఆయన్ని గుర్తుపెట్టుకోండి. పేరు దేవిదాస్.