మొదటి గుక్క

కంపెనీలకు ప్రకటనలు రాసి బతుకుతాను. నదులన్నా అడవులన్నా నాకు పిచ్చి. అందుకే వాటి జోలికి పోని కంపెనీలకే రాస్తానని మొండిపట్టు పట్టాను. క్రుమ్ బకాలోవ్ తోళ్ల ఫ్యాక్టరీకి రాసేముందు కూడా వెళ్లి చూసే వచ్చాను. శుద్ధి చేసే తొట్లలో నీళ్లు గలగలా తిరుగుతున్నాయి. 'నది నుంచి తీసుకున్న నీటిని అంతే శుభ్రంగా నదికి తిరిగిస్తాం' అని రాసిచ్చాను. రెండేళ్లుగా ఆ మాట బోర్డెక్కి వంతెన మీద వేలాడుతోంది.

ఈసారి చలికాలంలో నదిని మంత్రించే యోర్దానోవ్‌దెన్ పండగ ఖర్చంతా బకాలోవ్‌దే. కార్యక్రమమూ ఆయన ప్రసంగమూ రాయాల్సింది నేను. ప్రసంగంలో ఏం కావాలో అడుగుదామని పండక్కి ముందురోజు పొద్దున్నే చెప్పకుండా వెళ్లాను. తొట్లలో చుక్క నీరు లేదు. కట్టెలు పేర్చి ఉన్నాయి, వాటి సందులో పిల్లి ఈనింది. పక్కన గొట్టంలోంచి నీలం నురగ తిన్నగా నదిలోకి పోతోంది. కుళ్లు తోలు కంపుకి ముక్కు మూసుకున్నాను.

బకాలోవ్ తడబడలేదు సరికదా, నవ్వాడు.

"తనిఖీకి వచ్చినప్పుడు తిప్పుతాం కదా రాదిత్సా. రోజూ తిప్పితే కరెంటు బిల్లు మీ నాన్న కడతాడా?"

పైగా రేపు ఫాదర్ ఎలాగూ నదిని మంత్రిస్తాడు, ఇంక బెంగెందుకన్నాడు. ఆ మొహం చూస్తుంటే ఒళ్లంతా జిడ్డు పూసినట్టయింది.

పండగనాడు ఫాదర్ శిలువను నదిలోకి విసురుతాడు, మగాళ్లు ఆ మంచునీళ్లలోకి దూకి తెస్తారు. తర్వాత రాగి బిందెతో నది నీళ్లు ముంచి మంత్రిస్తారు. ఇంటింటివాళ్లూ ఆ నీళ్లు పట్టుకెళ్లి ఏడాదంతా దాచుకుంటారు. జబ్బు చేసినవాళ్లు పరగడుపున తాగుతారు. మా పక్కింటి త్సోనా అవ్వకి మూత్రపిండాలు సగం దెబ్బతిన్నాయి. మా అమ్మ పనికి పోతే నన్ను సాకింది ఆవిడే. నేను పరుగెత్తుకెళ్లేసరికి రేపటి నీళ్ల కోసం జాడీ కడిగి బోర్లించుకుని ఉంది.

తాగొద్దని ఎంత చెప్పినా వినలేదు. "మంత్రించిన నీళ్లు చెడవే పిల్లా. అయినా శుభ్రమని రాసింది నువ్వేగా?" అంది.

ఆ నీళ్లు పంచొద్దని చెప్పడానికి ఫాదర్ ఇనోకెంతి దగ్గరికెళ్తే ఆయన కళ్లు దించుకున్నాడు. చర్చి పైకప్పు వేయించింది బకాలోవేనట.

ఇంటికొచ్చి కార్యక్రమం రాశాను. నేను పంపింది బకాలోవ్ ఏనాడూ చదవడు, 'సరే' అని కొట్టి పంపేస్తాడు. నా దగ్గర రాయించుకునేవాళ్లలో సగంమంది ఇంతే. మంత్రించడం అయ్యాక ఒక వరుస చేర్చాను: 'మొదటి గుక్క బకాలోవ్ గారు తాగుతారు. వెంటనే వారి ప్రసంగం.' కాసేపటికే 'సరే' వచ్చింది. ఫాదర్‌కీ ఒక కాపీ పంపాను.

మర్నాడు వంతెన నిండా జనం. శిలువ దొరికింది, చప్పట్లయ్యాయి. ఫాదర్ కాగితం చూసుకుని, మంత్రించిన బిందెలోంచి గరిటెతో నీళ్లు ముంచి బకాలోవ్‌కి అందించాడు. బకాలోవ్ నా వైపు చూశాడు. అంతమందిలో కాదనలేక గరిటె ఎత్తి నోట్లో పోసుకున్నాడు. ఎవరో మైకు చేతిలో పెట్టారు.

ఆయన మాట్లాడలేదు. బుగ్గలు ఉబ్బిపోయి ఉన్నాయి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. మాట్లాడమని ఫాదర్ మెల్లగా అడిగాడు. బకాలోవ్ గొంతు చూపించి చెయ్యి ఊపాడు. ముందు వరసలో ఉన్న త్సోనా అవ్వ జాడీ గుండెకి పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"మింగు బాబూ. మేం ఏడాది పొడుగునా తాగుతాం. నువ్వొక్క గుక్క మింగలేవా?"

బకాలోవ్ పక్కకి తిరిగి మంచులోకి ఉమ్మేశాడు. గడ్డం మీంచి కోటు మీదికి కారింది. అవ్వ ఖాళీ జాడీకి మూత పెట్టి సంచిలో వేసుకుంది. ఆవిడ వెనకున్నవాళ్లు కూడా సీసాలు సర్దుకున్నారు. నిండు బిందె పక్కన ఫాదర్ ఒక్కడే మిగిలాడు.

గెలిచాననుకుంటూ అవ్వ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విడిపించుకోలేదు. కొంతదూరం నడిచాక మాత్రం అంది.

"పోయినేడు జాడీ అడుగుదాకా తాగానే, రాదిత్సా."

ఆ మాట రాసిన నా చేతుల మీద నాకే అసహ్యం వేసింది.