అనిల తోలిన తొవ్వ

ఎల్లారెడ్డి బస్టాండులో పొద్దున నిలబడ్డవాళ్లు ముందుగా అడిగేది టైం కాదు. కామారెడ్డి నుంచి మొదటి బస్సు వచ్చి ఆగీ ఆగకముందే ఎవరో ఒకరు కిటికీ కిందికి పోయి, "ఇయ్యాల తొవ్వ ఎంతుందన్నా?" అంటారు. డ్రైవర్ లింగం మీటరు చూసి చెప్తాడు. ఒకనాడు ముప్పై ఆరు కిలోమీటర్లు, ఒకనాడు నలభై ఏడు. వానాకాలం కొంచెం సాగుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. నలభై ఐదు దాటిందంటే పాలక్యాన్లవాళ్లు తొందరపడతారు, కాలేజీ పిల్లలు పరుగెత్తి సీటు పట్టుకుంటారు. అంతకుమించి దాని గురించి ఎవరూ మాట్లాడరు.

పర్శరాములు ఆ తొవ్వ మీద ఇరవై ఎనిమిదేండ్లు జీపు తోలాడు. భార్య పోయినప్పుడు బిడ్డకు మూడేండ్లు. ముసలి తల్లి అంజవ్వకు భారం కావద్దని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునే కిరాయిలకు పోయేవాడు. ఆ బిడ్డే అనిల. ఆమె అందరు పిల్లల్లా ఎదగలేదు. ఇరవై ఆరేండ్లకు మూడడుగుల అయిదంగుళాల దగ్గర ఉంది. స్టీరింగు మాత్రం తండ్రి ఒళ్లోనే పట్టింది. పద్దెనిమిది నిండిన నాడు పర్శరాములు ఒక పాత కారు తెచ్చి, పెడల్లకు ఇనుప గొట్టాలు వెల్డింగు పెట్టి ఆమె కాళ్లకు అందేలా చేశాడు. సీటు కింద చెక్కపెట్టె బిగించాడు.

ఆ కారుతోనే ఆమె పందేల్లో దిగింది. మట్టి ట్రాకులు, అడవి బాటలు. నాలుగేండ్లలో రెండు కప్పులు తెచ్చింది. పొడుగెంతో తెలియని తొవ్వ మీద నేర్చుకున్నది కదా, మలుపు అవతల ఏముందో కనబడకపోయినా ఆమె కాలు వణికేది కాదు. పర్శరాములు ఒక్క పందెం కూడా చూడలేదు. పందేలన్నీ ఆదివారాలే, జీపుకు గిరాకీ కూడా ఆదివారమే. "ఈసారి కాదు బిడ్డా, వచ్చేసారి వస్త" అనేవాడు.

ఈ ఏడు పెద్ద పందేనికి ఆమె పేరు ఎక్కింది. బండ్లను పరీక్ష చేసే రోజు ఒక అధికారి కారులోకి వంగి చూసి, కాగితం మీద అడ్డంగా గీత గీశాడు.

"బండితో వచ్చిన పెడల్సే ఉండాలమ్మా. కొత్త రూలు."

"నాలుగేండ్ల సంది వీటితోనే తోలుతున్న సార్. కప్పులు గూడ మీరే ఇస్తిరి."

"మీ డ్రైవింగ్ మీద అనుమానం లేదు. రూలు మారింది."

"మరి నా కాళ్లెట్ల అందుతయి సార్?"

ఆయన ఆమె తల మీదుగా చూసి, వెనక నిలబడ్డ డ్రైవర్‌ను పిలిచాడు.

అనిల ఇంటికి వచ్చి రెండు రోజులు సరిగా తినలేదు. అంజవ్వ పళ్లెం పట్టుకుని పక్కన కూర్చునేది, లేచేది. మూడో రోజు పొద్దున పర్శరాములు ఉతికిన అంగీ తీశాడు.

"నడువు, ఇద్దరం పొయ్యి అడుగుదాం. నేను మాట్లాడుత."

"నువ్వొస్తే రూలు మారుతదా బాపు? ఎందుకు వస్తవ్ ఇప్పుడు?"

అనేశాక ఆమెకు నాలుక కొరుక్కోవాలనిపించింది. పర్శరాములు అంగీ గుండీలు పెట్టుకుంటూ, రెండో గుండీ దగ్గర చెయ్యి ఆపి, గడప మీద కూలబడ్డాడు.

ఊళ్లో డాక్టరు గుండెపోటని చెప్పి, నాలుక కింద గోలీ పెట్టి, గంటలోపల కామారెడ్డి చేర్చమన్నాడు. అంబులెన్సు నిజాంసాగర్ దిక్కు పోయి ఉంది. నలుగురు కలిసి పర్శరాములును అనిల కారులో పక్కసీట్లో కూర్చోబెట్టి బెల్టులు బిగించారు. అప్పటికి పదైంది. తొవ్వ ముప్పై ఎనిమిదే ఉందని లింగం పొద్దున్నే చెప్పాడు. అనిలకు అది అరగంట పని కూడా కాదు.

లింగంపేట దాటింది. తర్వాత తాడ్వాయి రావాలి. రాలేదు. రాయి మీద కామారెడ్డి 19 అని ఉంది. ఆ తర్వాతి రాయి మీద 31. ఇంకో రాయి మీద 58. అటూ ఇటూ మక్కచేన్లు, మనిషి లేడు, బండి లేదు. ఆమె యాక్సిలరేటర్ అడుగంటా తొక్కింది. ఎంత తొక్కితే అంత సాగింది తొవ్వ.

"ఇయ్యాలనే సాగాల్నా నువ్వు!" అని స్టీరింగు మీద గుద్దింది. కండ్ల నీళ్లకు తొవ్వ నడుమ తెల్లగీత చెదిరిపోయింది. తనకు చేతనైన పని ఈ లోకంలో ఒక్కటే, బండిని ఉరికించడం. అదీ పనికి రాకుండా పోయింది.

పర్శరాములు కండ్లు తెరిచాడు. "ఎంతసేపైంది?"

"గంట దాటింది బాపు. తొవ్వ ఒడుస్తలేదు. నేనేం జెయ్యాలె?"

ఆయన ముందు అద్దంలోంచి తొవ్వను చూశాడు.

"నొప్పి లేదు బిడ్డా ఇప్పుడు. పందెంల గిట్లనే తోలుతవా?"

"ఇంకా జోరుగ తోలుత."

"తోలు మరి. నేనెన్నడు చూడకపోతిని. పక్కకు కూసున్నోళ్లు ఏం జేస్తరు?"

"మలుపులు చెప్తరు. రాకముందే."

"ఎడమకు" అన్నాడు పర్శరాములు. సూటిగా ఉన్న తొవ్వ ఎడమకు తిరిగింది. "కుడికి, గట్టి మలుపు." కుడికి తిరిగింది. కారు వెనక భాగం మట్టిలో జారి, మళ్లీ గీత మీదికి వచ్చింది. పర్శరాములు చిన్నపిల్లవాడిలా నవ్వాడు. "వారెవ్వా! మల్లొక్కసారి. ఎడమకు, ఎంబడే కుడికి!"

అనిల రాళ్ల మీది అంకెలు చూడడం మానేసింది. ఆపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. చేరితే ఏమవుతుందో కూడా అర్థమవుతూనే ఉంది. రెండింటిలో ఏదీ తన చేతిలో లేదు. ఆయన చెప్పిన ప్రతి మలుపునూ, ఒక్కటి కూడా వదలకుండా, తనకు వచ్చిన విద్యంతా పెట్టి తిప్పింది.

కామారెడ్డి ఇండ్లు కనబడేసరికి రెండు దాటింది.

ఆస్పత్రిలో డాక్టరు చూసి, అనిలను బల్ల మీద కూర్చోబెట్టాడు.

"మీ నాయిన పోయి మూడు గంటలైందమ్మా."

"ఇప్పటిదాక మాట్లాడిండు సార్."

"ఎల్లారెడ్డి తొవ్వల వచ్చిండ్రా? ఎంతైంది?"

"నాలుగు వందల పన్నెండు కిలోమీటర్లు."

డాక్టరు తలూపి, కాగితం మీద ప్రాణం పోయిన టైం దగ్గర రాసిన పదకొండును కొట్టేసి, రెండు గంటల పది నిమిషాలు అని రాశాడు.

అంజవ్వ లింగం బస్సులో వచ్చింది. కొడుకు ముఖం తడిమి చూసి, జారిన దుప్పటి సర్ది కప్పింది. తర్వాత మనవరాలి పక్కన కూర్చుంది.

"నొప్పికి ఏడ్సిండా, ఒర్లిండా బిడ్డా?"

"లేదవ్వా. నవ్విండు."

"ఏమన్న చెప్పిండా?"

"ఆస్పత్రి గేటు చూపెట్టి, 'కుడికి, మెల్లగ' అన్నడు."

అంజవ్వ, బల్ల మీద నుంచి నేలకందకుండా వేలాడుతూ, ఇంకా వణుకుతున్న ఆ రెండు కాళ్లను ఒళ్లోకి తీసుకుని, ఒత్తడం మొదలుపెట్టింది.