పిస్తోలు మీద గఫార్

మాచర్లలో మైమూనా ఇంటి ముందు పొద్దున్నే గిన్నెలకు తగరం పూత వేసే కళాయి కొలిమి రాజుకునేది. బిందెలూ గిన్నెలూ తెచ్చిన ఆడవాళ్ళు అరుగు మీద చేరి ఊళ్ళోవాళ్ళందరినీ ఓ దులుపు దులిపేవాళ్ళు. వేడెక్కిన గిన్నెలో నవాసాగరం పొడి చల్లి దూదితో రుద్దితే, దాన్ని వాడి చనిపోయినవాళ్ళ ముఖం కనిపించేది. మళ్ళీ రుద్దితే ఆ ముఖం శాశ్వతంగా చెరిగిపోయి, అంతకుముందు వాళ్ళది వచ్చేది. తల్లి ముఖమైతే కాసేపు ఏడ్చి, ఆ తర్వాత కళాయి పెట్టించుకునేవాళ్ళు. అత్తగారిదైతే కాస్త గట్టిగా రుద్దమనే కోడళ్ళూ లేకపోలేదు.

మైమూనా భర్త గఫార్ కలరాతో పోయి రెండేళ్ళు. అప్పట్లో నలభయ్యోనాటి ఫాతెహా ప్రార్థనకు చుట్టాలొస్తారని ఆమె ఇంట్లో గిన్నెలన్నిటికీ కళాయి వేసింది. చేతికి అలవాటైన పని కదా, చూడకుండానే రుద్దుకుంటూ పోయింది. ఆఖరి గిన్నె బోర్లించాక గానీ ఏం చేసిందో తెలిసిరాలేదు. గఫార్ ఏనాడూ ఫొటో దిగినవాడు కాదు. అప్పట్నుంచి ఆమెకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. నోట్లో పెట్టుకున్నదాని రుచి కూడా తెలియడం మానేసింది.

అది నలభై ఎనిమిదో సంవత్సరం. కృష్ణ అవతల నిజాం రాజ్యంలో రజాకార్ల గొడవ. ఇవతల పోలీసులు ఇళ్ళు సోదా చేస్తుంటే మైమూనా అటక మీద గోనెలో చుట్టిన పిస్తోలు దొరికింది. కొడుకు రహీమ్‌ను స్టేషన్లో కూర్చోబెట్టారు. అది నది దాటి వచ్చిందని తేలితే జైలే. తాతలనాటిదైతే వదిలేస్తానన్నాడు ఎస్సై బసవపున్నయ్య. చెకుముకి రాయితో పేలే పాత రకమే, కానీ అలాంటివి అవతల కమ్మరులు ఇప్పటికీ చేస్తున్నారని ఆయన అనుమానం. తుప్పు కింద ఏముందో అంతుబట్టక, పిస్తోలు పట్టుకుని తనే కొలిమి దగ్గరికి వచ్చాడు.

మైమూనా దాని ఇనప పలకను సెగకు చూపించి రుద్దింది.

గఫార్ కనిపించాడు. గడ్డంలో అదే తెల్లపాయ. అప్పుడే నిద్రలేచి చాయ్ అడగబోతున్నట్టున్నాడు.

"ఇంతటితో ఆపితే మీ ఆయనే అవతల నుంచి తెచ్చాడంటారమ్మా," అన్నాడు ఎస్సై నెమ్మదిగా. "ఇంకా రుద్దాల."

"రుద్దితే ఇంక రాడయ్యా."

మైమూనా తిత్తి ఊదడం మర్చిపోయి, బొగ్గులు బూడిద కప్పేదాకా ఆ ముఖాన్నే చూసింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. తర్వాత రుద్దింది.

మామగారు వచ్చాడు, ఆయన తండ్రి వచ్చాడు, తలపాగా చుట్టిన సిపాయి ఎవరో వచ్చాడు. చిట్టచివర మీసాలు సరిగా రాని కుర్ర దొర, ఇంటి మీద బెంగపెట్టుకున్న ముఖం. వాడూ పోయాక ఉత్త ఇనుము మిగిలింది. దాని మీద హృదయం ఆకారంలో ఈస్టిండియా కుంఫిణీ ముద్ర, పక్కన పద్ధెనిమిది వందల ఏడు అని అంకెలు.

"కుంఫిణీ సైన్యానిది," అని ఎస్సై లేచాడు. "పిల్లోణ్ణి పంపిస్తా."

మధ్యాహ్నానికి రహీమ్ ఇల్లు చేరాడు. అన్నం ముందు కూర్చుని, పిస్తోలు మీద అబ్బాజాన్ ఎట్టా ఉన్నాడని అడిగాడు.

"చాయ్ అడిగేటట్టున్నాడు," అంది. అంటుంటే కళ్ళు తడయ్యాయి. అది దాచుకోడానికి కొడుకు పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపి వాడి వంక చూసింది.

"ఇంత ఉప్పేందిరా ఇందులో?"

"రెండేళ్ళ నుంచీ ఇంతేగా అమ్మీ," అని రహీమ్ ఇంకో ముద్ద కలుపుకున్నాడు.