సింగారం సార్ షీట్

మా డయాలసిస్ సెంటర్ మేనేజర్‌ని ఆయన లేనప్పుడు అందరం సింగారం సార్ అంటాం. కంప్యూటర్‌లో ఏ లెక్కల షీటైనా ఆయన చేతిలో పడితే చాలు, మొత్తం సెలెక్ట్ చేసి అన్నిటినీ గడుల మధ్యకి తెస్తాడు. తర్వాత రంగులు పూస్తాడు. దానికే ఆయనకి జీతం.

చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎవరూ వేలు పెట్టకపోతే ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే అంకెల్ని కుడివైపుకీ, మాటల్ని ఎడమవైపుకీ జరుపుతుంది. ఏది కూడికలోకి వస్తుందో, ఏది రాదో చూడగానే తెలుస్తుంది. ఈ మహానుభావుడికి అది వంకరటింకరగా కనిపించింది.

వారానికి సరిపడా సెలైన్ సీసాలు తెప్పించే షీట్ ఒకటుంది. పాత పేషెంట్ల వరసలు నేను ఎక్కిస్తాను, కొత్తగా చేరినవాళ్లవి ఆయన. నేను ఉత్త అంకె వేస్తాను. ఆయన అదే గడిలో అంకె పక్కన "సీసాలు" అని కూడా కొడతాడు, హుందాగా ఉంటుందట! మాట తగిలిన అంకెని సాఫ్ట్‌వేర్ మాట కిందే జమకట్టి, కూడికలో వదిలేస్తుంది. ఆ అంకె గడిలో ఎడమకి జరిగి ఉంటే నా కంట పడేదే.

ఆ నెల కొత్తగా చేరినవాళ్లలో మా బావ ఉన్నాడు, అక్క మొగుడు.

గురువారం మధ్యాహ్నం అందరి తర్వాత బావ వంతు వచ్చింది. సీసాలు అయిపోయాయని నర్సు చేతులెత్తేసింది. ఉబ్బిన కాళ్లతో, ఆయాసంతో బావ కుర్చీలో కూలబడ్డాడు. "నువ్విక్కడే కదే పనిచేసేది?" అంది అక్క. సిగ్గుతో చచ్చిపోయాను.

పక్క ఆసుపత్రి నుంచి సీసాలు బదులు తెచ్చేసరికి సాయంత్రమైంది. ఆ పూటకి బావ గట్టెక్కాడు.

మర్నాడు సెంటర్ యజమాని వచ్చాడు. ఆయన ఎదుటే షీట్ తెరిచి ఆ సింగారమంతా తీసిపారేశాను. కొత్తవాళ్లు నలుగురి అంకెలూ గడుల ఎడమ గీతకి అంటుకున్నాయి.

"చూడండి సార్, ఇవి లెక్కలోకే రాలేదు. అందుకే సీసాలు తగ్గాయి. ఇందులో మా బావ ఉన్నాడు."

యజమాని కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇందాకటిదాకా చక్కగా ఉందిగా. ఇలా చిందరవందర చేశావేంటమ్మా?"

"ఎన్నిసార్లు చెప్పినా ఈవిడ వినదు సార్," అంటూ సింగారం సార్ మౌస్ లాక్కున్నాడు.

అన్నీ మళ్లీ మధ్యకి వచ్చాయి. కింద మొత్తం మాత్రం మారలేదు. వచ్చే వారం సీసాల కోసం అదే షీట్ పంపేశారు.

అక్కకి ఫోన్ చేశాను. "బావని వేరే సెంటర్‌లో చేర్పించక్కా, ఇక్కడ వద్దు." మిగతా కొత్తవాళ్ల ఇళ్లకీ నేనే ఫోన్ చేసి చెప్పాను.

ఆ వారం కొత్తవాళ్లెవరూ రాలేదు. సీసాలు సరిగ్గా సరిపోయాయి. షీట్ ఎంత బాగా చేశావయ్యా అని యజమాని సింగారం సార్ భుజం తట్టాడు.